బ్యాక్టీరియా టీకాల చక్కెరలపై పీహెచ్‌డీ: నల్లగొండ, పాలమూరు ఎమ్మెస్సీ విద్యార్థులకు

నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనో, పాలమూరు విశ్వవిద్యాలయంలోనో ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ పూర్తి చేసి, చౌటుప్పల్ బల్క్ డ్రగ్ కంపెనీల్లోనో జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లోనో ఒకటి రెండేళ్లు పనిచేసి, మళ్లీ చదువు వైపు రావాలనుకునేవారిని ఉద్దేశించి ఇది రాస్తున్నాను. రియాక్షన్ పెట్టడం, వర్కప్ చేయడం, కాలమ్ నడపడం మీకు ఇప్పటికే తెలుసు. చక్కెరల కెమిస్ట్రీకి ఆ చేతి నైపుణ్యం అవసరమే కానీ, దానితో పాటు చివరి మెట్టు నుంచి మొదటి మెట్టుకు వెనక్కి ఆలోచించే అలవాటు కూడా కావాలి.

చాలా రోగకారక బ్యాక్టీరియాల పైపొర పాలీశాకరైడ్‌తో, అంటే చక్కెరల పొడవాటి గొలుసుతో, కప్పి ఉంటుంది. ఆ చక్కెరను విడిగా ఇస్తే రెండేళ్లలోపు పిల్లల శరీరం దాన్ని సరిగా గుర్తించదు. ప్రోటీన్‌కు అతికించి ఇస్తే టీ కణాల (రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం తెల్లరక్త కణాల) సాయంతో బలమైన, గుర్తుండిపోయే రక్షణ ఏర్పడుతుంది. చక్కెరను ప్రోటీన్‌కు అతికిస్తే కుందేళ్లలో దానికి యాంటీబాడీలు పుడతాయని ఏవరీ, గోబెల్ 1929లోనే చూపించారు. హైదరాబాద్ భారత్ బయోటెక్ తయారుచేసే టైఫాయిడ్ టీకా టైప్‌బార్ టీసీవీలో బ్యాక్టీరియాను పెంచి తీసిన వీఐ అనే పాలీశాకరైడ్‌ను టెటనస్ టాక్సాయిడ్‌కు (విషగుణం తీసేసిన టెటనస్ ప్రోటీన్‌కు) కలుపుతారు. ఇలాంటి చక్కెరను బ్యాక్టీరియా నుంచి తీయకుండా ఫ్లాస్కులోనే నిర్మించవచ్చని క్యూబా శాస్త్రవేత్తలు హిబ్ (హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బి బ్యాక్టీరియా) టీకాతో నిరూపించి 2004లో ప్రచురించారు. మీ పీహెచ్‌డీ ఈ రెండో దారిలోది.

ప్రవేశానికి సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకోవడం అన్నింటికన్నా మేలు. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన ఎస్‌ఆర్‌ఎఫ్‌గా (సీనియర్ ఫెలోగా) 42,000 రూపాయలు ఇస్తున్నారు. తార్నాకలోని ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) మనకు దగ్గర. చక్కెరల మీద పనిచేసే బృందాలు ఐఐటీ బొంబాయి, ఐసర్ పుణె, బెంగళూరు ఐఐఎస్‌సీలలో కూడా ఉన్నాయి. ఇంటర్వ్యూలో గైడ్‌ను మీరూ ఒక ప్రశ్న తప్పక అడగండి: తయారైన సమ్మేళనాన్ని ఎలుకల మీదో కుందేళ్ల మీదో పరీక్షించే ఇమ్యునాలజీ బృందం ఏది? జంతు ప్రయోగాలకు నైతిక కమిటీ అనుమతి కావాలి కనుక ఆ ఏర్పాటు మూడో ఏడాదిలో మొదలుపెడితే ఆలస్యమవుతుంది.

లక్ష్యాన్ని ఎంచుకునేటప్పుడు అందులో ఎన్ని చక్కెరలున్నాయో లెక్కపెట్టి భయపడకండి, బంధాలను చూడండి. రెండో కార్బన్ మీద అసిటైల్ లేదా బెంజాయిల్ ఉంటే అది పక్కనుంచి సాయపడి 1,2-ట్రాన్స్ బంధాన్ని (ఒకటి, రెండు కార్బన్ల మీది గ్రూపులు ఎదురెదురు వైపుల ఉండేదాన్ని) దాదాపు దానంతట అదే ఏర్పరుస్తుంది. ఆ రెండూ ఒకే వైపు ఉండే 1,2-సిస్ బంధానికి ఆ ఆసరా ఉండదు. వాటిలో బీటా మాన్నోసైడ్ (మాన్నోజ్ చక్కెర బీటా దిశలో కలిసే బంధం) అయితే మరీ మొండిది. అలాంటి బంధాలు రెండున్న మూడు చక్కెరల గొలుసు కన్నా, ట్రాన్స్ బంధాలు మాత్రమే ఉన్న ఆరు చక్కెరల గొలుసు త్వరగా తయారు కావచ్చు. పైగా బ్యాక్టీరియా వాడే అరుదైన డీఆక్సీ అమైనో చక్కెరలు చాలావరకు సీసాల్లో కొనడానికి దొరకవు; మాన్నోజ్ వంటి చవక చక్కెర నుంచి పది మెట్లు నడిచి వాటిని మీరే చేసుకోవాలి.

దారి గీసేటప్పుడు చివరి అణువును కాగితం మీద పెట్టుకుని మొదలుపెట్టండి. ప్రోటీన్‌కు అతికే అమైనో లింకర్ ఎక్కడ ఉండాలి? బెంజైల్ గ్రూపులను పల్లాడియంతో తీసే సమయానికి అణువులో గంధకం మిగిలి ఉంటుందా? ఉంటే ఉత్ప్రేరకం చచ్చిపోతుంది. వీఐ పాలీశాకరైడ్‌లో మూడో స్థానం మీది అసిటైల్ రోగనిరోధక స్పందనకు కీలకం. అలాంటి సహజమైన అసిటైల్ మీ లక్ష్యంలో ఉంటే చివర్లో సోడియం మెథాక్సైడ్ వాడే వీలుండదు, అది ఆ అసిటైల్‌ను కూడా తీసేస్తుంది. కాబట్టి మొదటి మెట్టు నుంచే ప్రొటెక్టింగ్ గ్రూపుల (మధ్యలో తాత్కాలికంగా తొడిగి చివర్లో తీసేసే గ్రూపుల) ఎంపిక మారిపోతుంది.

ఇక గ్లైకోసిలేషన్, అంటే ఒక చక్కెరను మరోదానికి కలపడం. మన ఇళ్లలో లేత పాకం, తీగ పాకం అని చెప్పుకునే తేడాలన్నీ ఈ ల్యాబులో కనిపిస్తాయి, ఎందుకంటే మధ్యలో వచ్చే సమ్మేళనాలు చాలావరకు స్ఫటికాలు కట్టవు. పాకంలో సాల్వెంట్ దాగి ఉంటుంది కనుక వాక్యూమ్‌లో బరువు స్థిరపడేదాకా తూచింది నమ్మకండి. డోనర్ (ఒకటో కార్బన్ ద్వారా కలిసే చక్కెర), యాక్సెప్టర్ (దాన్ని అందుకునే చక్కెర) రెండింటినీ టాల్యూన్‌తో కలిపి రెండు మూడుసార్లు ఆవిరి చేసి, రాత్రంతా హై వాక్యూమ్‌లో ఉంచండి. నీటిని పీల్చే నాలుగు ఆంగ్‌స్ట్రామ్ మాలిక్యులర్ సీవ్స్‌ను వాక్యూమ్‌లో బాగా వేడిచేసి వేయండి. థియోగ్లైకోసైడ్ (ఒకటో కార్బన్ మీద గంధకం ఉన్న) డోనర్ అయితే డైక్లోరోమీథేన్‌లో మైనస్ 40 డిగ్రీల దగ్గర ఎన్ఐఎస్ (ఎన్-అయోడోసక్సినిమైడ్), కొద్దిగా ట్రిఫ్లిక్ ఆమ్లం చేర్చగానే అయోడిన్ ఎరుపు కనిపిస్తుంది. రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో చూసే టీఎల్‌సీ (థిన్ లేయర్ క్రొమాటోగ్రఫీ) పలకను సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన మెథనాల్‌లో ముంచి వేడి చేస్తే చక్కెర నల్లగా మాడి కనిపిస్తుంది. బెంజైల్ వంటి ఆరోమాటిక్ గ్రూపులు లేని మచ్చలు యూవీలో కనబడవు. పని ముగిశాక ట్రైఇథైల్ అమీన్‌తో ఆపి, థయోసల్ఫేట్‌తో కడిగితే రంగు పోతుంది. నా మొదటి వానకాలంలో సీవ్స్ వేడిచేయడానికి బద్ధకించాను. పదకొండు మెట్ల డోనర్ అంతా నీటితో కలిసి హెమీఅసిటాల్‌గా మారి పలక అడుగున కూర్చుంది.

వచ్చిన బంధం ఆల్ఫానో బీటానో, అంటే ఏ వైపు తిరిగి ఉందో, తేల్చేది ఎన్‌ఎంఆర్. గ్లూకోజ్ రకపు చక్కెరల్లో అనోమెరిక్ (ఒకటో కార్బన్ మీది) ప్రోటాన్ కప్లింగ్ 7 లేదా 8 హెర్ట్జ్ అయితే బీటా, 3 లేదా 4 అయితే ఆల్ఫా. మాన్నోజ్‌లో ఈ లెక్క పనికిరాదు. అక్కడ కార్బన్-హైడ్రోజన్ కప్లింగ్ చూడాలి: 160 దరిదాపుల్లో ఉంటే బీటా, 170 దరిదాపుల్లో ఉంటే ఆల్ఫా.

గ్రూపులన్నీ తీసేసే ఆఖరి మెట్టులో చేతిలో మిగిలేది మిల్లీగ్రాములే. ఉన్నదంతా ఒకేసారి ఫ్లాస్కులో వేయకుండా మూడో వంతుతో చేసి, డ్యూటీరియం నీటిలో ఎన్‌ఎంఆర్ చూసి, బెంజైల్ గ్రూపుల ఆరోమాటిక్ ప్రోటాన్లు పూర్తిగా పోయాయని తేలాక మిగిలింది చేయండి. లింకర్ ద్వారా సీఆర్‌ఎం197కో (విషగుణం లేని డిఫ్తీరియా ప్రోటీన్‌కో) టెటనస్ టాక్సాయిడ్‌కో అతికించాక ఒక్కో ప్రోటీన్ మీద ఎన్ని చక్కెరలు పడ్డాయో, సీఆర్‌ఎం197 విషయంలోనైతే మాల్డీ మాస్ స్పెక్ట్రమ్‌లో పెరిగిన బరువును బట్టి లెక్కకట్టవచ్చు. అతికించని చక్కెర కొంత విడిగా దాచండి. టీకా తీసుకున్న జంతువుల రక్తంలోని యాంటీబాడీలు గుర్తిస్తున్నది లింకర్‌నా, అసలు చక్కెరనా అని తేల్చడానికి ఇమ్యునాలజీ వాళ్లు మొదట అడిగేది అదే.