మత్తు సూది పాఠాలు – 3: చీము పట్టిన చోట మందు ఎందుకు పట్టదు?

తిమ్మిరెక్కించే మందు లిగ్నోకెయిన్ నరంలోకి చొరబడి, నొప్పి కబురును మోసే సోడియం దారులను లోపలి వైపు నుంచి మూసేస్తుందని కిందటి పాఠంలో చదువుకున్నాం. అసలు లోపలికి ఎలా వెళ్తుందో ఈసారి చూద్దాం.

నేను కొత్తగా పనిలో చేరిన రోజుల్లో, పలాసలో జీడిపిక్కలు వలిచే ఒక పెద్దావిడ బొటనవేలికి గోరుచుట్టుతో వచ్చింది. వేలు ఉబ్బి నిగనిగలాడుతోంది, గోరు అంచున పచ్చగా చీము. ఆ పక్కనే సూది వేశాను. ఐదు నిమిషాలాగి బ్లేడు ఆనించగానే "ప్రాణం పోతోంది బాబూ!" అని చెయ్యి లాక్కుంది. ఇంకో రెండు మిల్లీలీటర్లు ఎక్కించినా అదే బాధ.

ఒంట్లో చేరిన మందు రెండు రూపాల్లో ఉంటుంది: విద్యుదావేశం ఉన్నదొకటి, లేనిదొకటి. నరానికి ఉన్నది కొవ్వు పొర. ఆవేశం లేని రూపమే దాన్ని సులువుగా దాటుతుంది. దాటాక మళ్లీ ఆవేశం పొంది సోడియం దారికి అడ్డుపడుతుంది. ఆమ్లగుణాన్ని కొలిచే అంకె పీహెచ్; అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. రెండు రూపాలూ సరిసగంగా ఉండే పీహెచ్‌ను పీకేఏ అంటారు. లిగ్నోకెయిన్‌కు అది 7.9.

కాగితం తీసుకోండి. ఆరోగ్యంగా ఉన్న కండలో పీహెచ్ 7.4. పీకేఏలోంచి తీసేస్తే 0.5. పదిని 0.5 ఘాతానికి పెంచితే 3.16. దానికి ఒకటి కలిపి, వచ్చిన 4.16తో ఒకటిని భాగించండి. 0.24, అంటే నూటికి 24 పాళ్లు దాటగలవు. చీము ఆమ్లం. అక్కడ పీహెచ్ 6.4 అనుకుని ఇదే లెక్క మళ్లీ వేయండి: నూటికి మూడే! పైగా వాచిన చోట రక్తం జోరుగా పారుతూ మందును ఊడ్చుకుపోతుంది.

అందుకే అక్కడ మందు పెంచడం ప్రమాదం. రెండు శాతం మందు అంటే మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు. అడ్రినలిన్ కలపని లిగ్నోకెయిన్‌కు సాధారణంగా చెప్పే హద్దు కిలో బరువుకు 4.5 మిల్లీగ్రాములు. 50 కిలోల మనిషికి 225, అంటే 11 మిల్లీలీటర్ల పైచిలుకు. పెదవుల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు అని రోగి చెబితే సూది వెంటనే ఆపాలి.

ఆ రోజు మా పెద్ద డాక్టరుగారు వచ్చి, వాపు లేని వేలి మొదట్లో, రెండు పక్కలా నరాల దగ్గర కొద్దిగా మందు వేశారు. కాసేపటికి చీము తీస్తుంటే ఆవిడ కిటికీ వైపు చూస్తూ "మొదలుపెట్టారా బాబూ?" అంది.

అభ్యాసం: ఇలాంటిదే మరో మత్తు మందు బుపివకెయిన్. దాని పీకేఏ 8.1. పీహెచ్ 7.4 దగ్గర నూటికి ఎన్ని పాళ్లు దాటగలవు? జవాబుతో వచ్చే పాఠం మొదలుపెడదాం.