ఉగాది పోటీకి ప్రేమకథ పంపేముందు క్రియలు చూసుకోండి

ఉగాది కథల పోటీల గడువు దగ్గరపడుతోంది. పంపేముందు ఇవి సరిచూసుకోండి.

– అన్నిటికన్నా ముందు ముద్దు సీను. అతనికి ‘లాక్కున్నాడు’, ‘బిగించాడు’. ఆమెకు ‘విడిపించుకోబోయింది’, ‘కరిగిపోయింది’ అని రాశారా? అది బలవంతం, కథేమో దాన్ని ప్రేమ అంటోంది. వాక్యం ఎంత అందంగా కుదిరినా మార్చాల్సిందే. ‘ఆమె దగ్గరికి జరిగింది’ అంటే చాలు, ఇష్టం ఆమెదీ అని తెలుస్తుంది.

– పెళ్లయ్యాక మర్యాద ఎటు మళ్లిందో చూడండి. కాలేజీలో ఇద్దరూ ‘నువ్వు’ అనుకున్నవాళ్లే. తాళి పడగానే ఆమె ‘వచ్చారా అండీ’, అతను ‘ఇటు రావే’ అంటున్నారంటే ఆమె ఒక మెట్టు దిగినట్టే. కథకు అది అవసరమైతే ఉంచండి, అలవాటుగా వచ్చి పడితే తీసేయండి.

– కథనంలో ‘ఆయన వచ్చారు, ఆమె వచ్చింది’ వద్దు. తెలుగులో బస్సూ ‘వచ్చింది’, ఆమె కూడా ‘వచ్చింది’. గౌరవం ఒక్కరికే ఇస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

– డైలాగు చివర అతను ‘అన్నాడు’, ఆమె మాత్రం ‘గొణిగింది’, ‘సణిగింది’. ఆమెకూ ‘అంది’ చాలు.

– ఆమె క్రియలన్నిటి కిందా గీత గీయండి. సిగ్గుపడటం, ఎదురుచూడటం, ఏడవటమే మిగిలితే, ఒక్క నిర్ణయమైనా ఆమెను తీసుకోనివ్వండి.