కారు సెంటర్ లాక్ పోతే ఏది మార్చాలి, ఎంత అవుతుంది

రిమోట్ నొక్కితే మూడు డోర్లు టక్కుమని పడి ఒకటి మాత్రం పడకపోతే చాలామంది నేరుగా షాపుకి పోయి "సెంటర్ లాక్ పోయింది, మార్చెయ్ అన్నా" అంటారు. ఆ మాటతోనే బిల్లు పెరుగుతుంది. ఎందుకంటే సెంటర్ లాక్ అంటే ఒక్క సామాను కాదు, ఫ్యూజు, స్విచ్చు, కంట్రోల్ యూనిట్, వైర్లు, ఒక్కో డోర్‌లో ఒక్కో మోటారు, ఆ మోటారు లాగే రాడ్డు, తలుపుని పట్టి ఉంచే లాచ్, ఇన్ని ఉన్నాయి. వీటిలో ఏది పోయిందో ఇంటి దగ్గరే సగం తెలుసుకోవచ్చు.

రిమోట్‌కి పలకడం లేదు, డ్రైవర్ డోర్ స్విచ్చుకి మాత్రం బాగానే పడుతున్నాయి అంటే ముందు రిమోట్‌లో బ్యాటరీ మార్చండి. చాలా కార్లకి సీఆర్ 2032 అనే బిళ్ల పడుతుంది, యాభై రూపాయల పని. రిమోట్‌కీ స్విచ్చుకీ దేనికీ నాలుగు డోర్లూ కదలకపోతే ఫ్యూజు చూడండి, ఏ నంబరో కారుతో ఇచ్చిన మాన్యువల్లో ఉంటుంది, పది ఇరవై రూపాయలకి దొరుకుతుంది. కొత్త ఫ్యూజు కూడా వెంటనే కాలిపోతే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. అప్పుడు ఇంకాస్త పెద్ద ఆంపియర్ ఫ్యూజు వేసేసి నడిపేద్దాం అనుకోవద్దు, వైరింగే కాలిపోతుంది.

ఒక్క డోరే మొండికేస్తే చెవి పెట్టి వినండి. మోటారు శబ్దం వస్తోంది కానీ లాక్ కదలడం లేదంటే రాడ్డు క్లిప్పు ఊడిపోయి ఉంటుంది, లేదా మోటారు లోపల ప్లాస్టిక్ పళ్లు అరిగిపోయి ఉంటాయి. క్లిప్పు అయితే పది రూపాయల సామాను. అసలు శబ్దమే లేకపోతే మోటారు పోయిందని అప్పుడే తేల్చెయ్యకండి. డోర్‌కీ, అది బిగించి ఉండే పిల్లర్‌కీ మధ్య ఒక రబ్బరు గొట్టం ఉంటుంది కదా, అందులోంచి పోయే వైర్లు తలుపు తీసి వేసి తీసి వేసి లోపలే తెగుతాయి, పైకి కనపడదు. డ్రైవర్ డోర్ ఎక్కువ వాడతాం కాబట్టి అక్కడే ఎక్కువ. డోర్ లోపలి వైపు ఉండే ప్యాడ్ ఊడదీశాక మోటారు కనెక్టర్ దగ్గర 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్ పెట్టి, ఇంకొకరిని స్విచ్చు నొక్కమనండి. కరెంటు ఒక్క క్షణమే వచ్చి పోతుంది, అందుకే ఒక్కరే చేస్తే కనిపెట్టలేరు. ల్యాంప్ వెలిగితే మోటారే పోయింది, వెలగకపోతే వైరు సంగతి చూడాలి.

మన నెల్లూరు, ఒంగోలు వైపు ఇంకో రెండు కారణాలున్నాయి. మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం ప్రాంతాల్లో ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులకి చిలుము పడుతుంది, నవంబర్, డిసెంబర్ వానలకి డోర్ లోపల తడి చేరితే ఇంకా తొందరగా. అటు చీమకుర్తి క్వారీల వైపు తిరిగే బండ్లలో లాచ్ గ్రీజులో దుమ్ము చేరి బంకలా తయారై మోటారు లాగలేకపోతుంది. ఈ రెండింటికీ సామాను మార్చక్కర్లేదు. పిన్నుల్ని కాంటాక్ట్ క్లీనర్‌తో, లాచ్‌ని స్ప్రేతో కడిగి, కొత్త గ్రీజు పెడితే సరిపోతుంది.

ఇక రేట్లు. ఇవి సుమారుగా చెప్తున్నా, కారు మోడల్ని బట్టి మారతాయి. కారు కొన్నాక బయట షాపులో బిగించిన రకం, అంటే గన్ను ఆకారంలో ఉండే రెండు వైర్ల మోటారు, విడిగా 200 నుంచి 400. నాలుగు డోర్ల కిట్ అయితే 1,000 నుంచి 2,000, అందులో డ్రైవర్ డోర్‌కి వచ్చేది ఐదు వైర్లది, వెనక డోర్లవి రెండు వైర్లవి. ఈ కిట్ ఉన్న కార్లో వెనక డోర్ పోతే రెండు వైర్లది ఒక్కటి కొంటే చాలు. డ్రైవర్ డోర్‌కి మాత్రం ఐదు వైర్లదే వెయ్యాలి, లేకపోతే ఆ డోర్ తాళంతో లాక్ వేసినా మిగతావి పడవు.

అసలు ఖర్చు కంపెనీ నుంచే పవర్ లాక్ వచ్చిన కార్లకి. వాటిలో చాలావాటికి మోటారు లాచ్‌లోనే కలిసి ఉంటుంది, మొత్తం ఒకే సామానుగా అమ్ముతారు, చిన్న కార్లకే 1,500 నుంచి 4,000 దాకా, పెద్దవాటికి అంతకన్నా ఎక్కువ. కొన్ని లాచ్‌లు విప్పి లోపలి చిన్న మోటారు ఒక్కటే మార్చే ఎలక్ట్రీషియన్లున్నారు, ఆ పని వచ్చినవాళ్లు దొరికితే చాలా మిగులుతుంది. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి: కారు విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతమే. పాత స్టాకు డబ్బా మీద పాత రేటే అచ్చయి ఉండొచ్చు, తగ్గిన రేటు అడగండి.

నెల్లూరు వాళ్లు పాత సామాను కోసం చెన్నై పుదుప్పేట దాకా పోతుంటారు. లాచ్‌కైతే అది మంచి ఆలోచనే, గన్ను మోటారు కోసమైతే దండగ, కొత్తదే చవక. పాత లాచ్ కొనేటప్పుడు మీ లాచ్ వెంట తీసుకెళ్లి ఎడమా కుడీ, ముందా వెనకా, కనెక్టర్‌లో పిన్నులెన్ని అన్నీ సరిచూసుకుని, అక్కడే బ్యాటరీ పెట్టి ఆడించి చూపించమనండి.

లేబర్ బయట ఎలక్ట్రీషియన్ దగ్గర డోర్‌కి 300 నుంచి 500 ఉండొచ్చు, సర్వీస్ సెంటర్లో ఎక్కువ. పని మొదలుపెట్టకముందే సామాను ఎంత, లేబర్ ఎంత అని విడివిడిగా చెప్పించుకోండి, మార్చిన పాతది మీకే ఇమ్మనండి. ఇన్సూరెన్స్ మీద ఆశ వద్దు, మామూలు పాలసీలో దానంతటది పాడైన సామానుకి డబ్బులు రావు.

ప్యాడ్ మూసే ముందు లోపలి ప్లాస్టిక్ షీటు మళ్లీ సరిగ్గా అంటించారో లేదో చూడండి, చాలామంది చించి పారేస్తారు, వానాకాలంలో కాళ్ల కింద నీళ్లు చేరేది అందుకే. విరిగిన ప్యాడ్ క్లిప్పులకి కొత్తవి వేయించండి, లేకపోతే గతుకుల్లో కటకటమంటుంది. లాక్ పరీక్షించేటప్పుడు అద్దం కిందికి దించి, తాళం చేతిలోనే ఉంచుకోండి.