ఒపేరా కండక్టర్ కావాలంటే: జర్మన్ థియేటర్లలో పియానో బెంచీ నుంచి పోడియం దాకా

ఆర్కెస్ట్రా కండక్టర్ కావాలనుకునేవారు ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటుంది: పియానో ఎంత బాగా వచ్చు? జీతం తీసుకుని వాయించగల స్థాయిలో వస్తే ఒపేరా హౌస్ దారి పట్టవచ్చు. లేదంటే సింఫనీ ఆర్కెస్ట్రాల వైపు, అంటే పోటీలు, అసిస్టెంట్ పోస్టుల వైపు వెళ్లాలి. ఈ రెండోది దగ్గరి దారిలా కనిపిస్తుంది గానీ ఖాళీలు చాలా తక్కువ. ఒపేరా దారి నిదానంగా సాగుతుంది, కాకపోతే నెలనెలా జీతమిస్తూ పని నేర్పుతుంది. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం దాని గురించే.

ఆ దారికి అసలు చోటు జర్మనీ. ప్రభుత్వ నిధులతో నడిచే ఒపేరా థియేటర్లు అక్కడ సుమారు 80 ఉన్నాయి. మన జిల్లా కేంద్రమంత ఊళ్లో కూడా సొంత ఆర్కెస్ట్రా, కోరస్, జీతం మీద పనిచేసే గాయకులు ఉంటారు. ఏడాదంతా రోజుకో ఒపేరా మారుస్తూ ఆడతారు కాబట్టి కండక్ట్ చేయడానికి ఒక్కరు సరిపోరు. కొత్తవాళ్లకు చోటు దొరికేది అందుకే.

మెట్లు ఎలా ఉంటాయి

అడుగున కొరెపెటీటర్. గాయకులకు పాత్రను పియానో దగ్గర కూర్చోబెట్టి నేర్పేది, వేదిక రిహార్సల్స్‌లో ఆర్కెస్ట్రాకు బదులు పియానో వాయించేది ఈయనే. దాని పైన ఇదే పని, కాకపోతే కాంట్రాక్టులో ‘కండక్ట్ చేసే బాధ్యత’ కూడా రాసి ఉంటుంది. ఉద్యోగం వెతికేటప్పుడు ఈ ఒక్క మాట కోసం చూడండి. అది లేని పోస్టులో ఏళ్లు గడిచినా పిట్‌లోకి (వేదిక ముందు ఆర్కెస్ట్రా కూర్చునే గొయ్యిలోకి) దిగి కండక్ట్ చేసే హక్కు రాదు. ఆ తర్వాత రెండో కాపెల్‌మైస్టర్ (థియేటర్ కండక్టర్), మొదటి కాపెల్‌మైస్టర్, చివరికి థియేటర్ సంగీతమంతటికీ అధిపతి అయిన గెనెరాల్ మూజిక్‌డిరెక్టర్. ఈ చివరి పదవిని థియేటర్లో అందరూ జీఎండీ అనే అంటారు.

పేరున్న జర్మన్ కండక్టర్ క్రిస్టియాన్ టీలెమాన్ 1978లో, 19 ఏళ్లకే, బెర్లిన్ డాయిచె ఓపర్‌లో కొరెపెటీటర్‌గా చేరారు. తర్వాత గెల్సెన్‌కిర్షెన్, కార్ల్స్‌రూహె, హనోవర్‌లలో పనిచేసి, 1985లో డ్యుసెల్‌డార్ఫ్‌లో మొదటి కాపెల్‌మైస్టర్, 1988లో న్యూరెంబర్గ్ జీఎండీ అయ్యారు. పదేళ్లు పట్టింది, అదీ చాలా వేగంగా ఎదిగినవారికి. మరో కండక్టర్ కిరిల్ పెట్రెంకో వియన్నా ఫోక్స్‌ఓపర్‌లో కాపెల్‌మైస్టర్‌గా మొదలుపెట్టి, 1999లో చిన్న ఊరైన మైనింగెన్‌కు జీఎండీగా వెళ్లారు. బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ 2019లో ఆయన చేతికి వచ్చింది. పెద్ద ఊళ్లో చిన్న పోస్టు కంటే చిన్న ఊళ్లో పిట్‌లోకి దిగే పోస్టే మేలు.

పియానో దగ్గర ఏం రావాలి

పియానో గ్రేడ్ పరీక్షల్లో చివరిదైన గ్రేడ్ 8 సర్టిఫికెట్ ఈ పనికి గుమ్మం మాత్రమే. కచేరీ పియానిస్టులు కూడా ఇక్కడ బోల్తాపడుతుంటారు, ఎందుకంటే ఇది వేరే విద్య. ఎడమ చెయ్యి బాస్, కుడి చెయ్యి హార్మొనీ వాయిస్తుండగా, మీ గొంతు గాయకుల వరసలన్నీ ఒకటి తర్వాత ఒకటి పాడాలి, కళ్లు కండక్టర్ చేతి మీద ఉండాలి. గొంతు బాగుండనక్కర్లేదు. శ్రుతి, మాట, సమయం తప్పకపోతే చాలు.

కొరెపెటీటర్ ఆడిషన్లలో తరచూ అడిగేవి: మోజార్ట్ ఒపేరా ‘ఫిగారో’ రెండో అంకం ఫినాలె (ముగింపు ఘట్టం), బిజే ‘కార్మెన్’లో స్మగ్లర్ల క్వింటెట్ (అయిదుగురు కలిసి పాడే భాగం), రిచర్డ్ స్ట్రాస్ ‘సలోమె’లో యూదుల క్వింటెట్, పుచ్చీని ‘లా బొహేమ్’లో ఏదో ఒక అంకం. వీటిని మనసులో పెట్టుకునే రిపర్టరీ తయారుచేసుకోండి.

‘ఫిగారో’ ఫినాలెనే తీసుకుందాం. ఆగకుండా దాదాపు 20 నిమిషాలు సాగుతుంది. కౌంట్, కౌంటెస్‌ల జగడంతో మొదలై, సుజాన్నా, ఫిగారో, తోటమాలి అంతోనియో వస్తారు; అంతోనియో వెళ్లిపోయాక చివర మరో ముగ్గురు చేరి ఏడుగురవుతారు. సుజాన్నా గదిలోంచి బయటికి రాగానే వేగం తగ్గి మూడు-ఎనిమిది తాళానికి మారుతుంది. ఫిగారో రాకతో మళ్లీ పరుగు, కౌంట్ ఉత్తరం చూపించగానే నెమ్మది, అంతోనియోతో మళ్లీ దూకుడు, చివరికి ప్రెస్తిస్సిమో, అంటే అతి వేగం. పరీక్షించేవారు చూసేది మీ వేళ్ల వేగం కాదు. ఒక వేగం నుంచి ఇంకోదానికి తడుముకోకుండా మారుతున్నారా, కొత్త పాత్ర ప్రవేశానికి ముందు ఊపిరి ఇస్తున్నారా అని. కాబట్టి మొదట మెట్రొనోమ్ పెట్టుకుని ప్రతి భాగం వేగం విడిగా ఖాయం చేసుకోండి. తర్వాత రెండు భాగాలు కలిసేచోటకు ముందు 8 బార్లు (తాళం ఆవర్తాలు), తర్వాత 8 బార్లు మాత్రమే తీసుకుని మళ్లీ మళ్లీ వాయించండి. మొత్తం మొదటి నుంచి చివరిదాకా వాయించడం ఆఖరి వారంలో.

స్ట్రాస్ దగ్గర ఇంకో చిక్కు. అచ్చువేసిన పియానో స్కోరులో (స్వరాలు రాసిన ప్రతిలో) ఉన్న నోట్లన్నీ రెండు చేతులతో వాయించడం అసాధ్యం. వదిలేయడం నేర్చుకోవాలి. బాస్ ఎప్పుడూ వదలకూడదు. హార్మొనీ మారే చోటు వదలకూడదు. గాయకుడు ఏ వాయిద్యం విని అందుకుంటాడో ఆ వరస వదలకూడదు. మిగతాది వీలైతేనే. నోట్లన్నీ పట్టుకోవాలని చూసి లయ జారవిడిచినవాళ్లకి ఆ రోజు ఆడిషన్ అక్కడితో సరి.

స్కోరు చదవడానికి అభ్యాసక్రమం: బాఖ్ కోరల్స్‌ను (నాలుగు గొంతుల చర్చి పాటలను) నాలుగు పాత క్లెఫ్‌లలో (గీతల మీద స్వరస్థానం చెప్పే గుర్తులతో) పియానో మీద వాయించడం, ఆ తర్వాత హేడన్ క్వార్టెట్లు, ఆ తర్వాత హార్న్‌లు, క్లారినెట్లు ఉన్న మోజార్ట్ సింఫనీలు. బి ఫ్లాట్ క్లారినెట్ రాసినదానికంటే ఒక పూర్తి స్వరం (రెండు అరస్వరాలు) కిందకు వినిపిస్తుంది, ఎ క్లారినెట్ మైనర్ థర్డ్ (మూడు అరస్వరాలు) కిందకు, ఎఫ్ హార్న్ ఫిఫ్త్ (ఏడు అరస్వరాలు) కిందకు. లెక్కవేసుకుంటూ చదివితే ఆలస్యమవుతుంది. చూడగానే చేతికి రావాలి.

కర్ణాటక సంగీతం నేర్చినవారికి ఖండ, మిశ్ర గతులు ఒంట్లో ఉంటాయి కాబట్టి బార్తోక్, స్త్రవిన్స్కీ అనే స్వరకర్తల కృతుల్లో అయిదు, ఏడు లెక్కలు భయపెట్టవు. కానీ హార్మొనీని నిలువుగా వినడం, అంటే నాలుగు స్వరాలు ఒకేసారి మోగితే మధ్య రెండు ఏవో చెప్పడం, మొదటి నుంచీ నేర్చుకోవాల్సిందే. రోజూ అరగంట దానికి కేటాయించండి. ప్రవేశ పరీక్షలో చాలామంది తప్పేది అక్కడే.

చదువు, ప్రవేశం

వైమార్, బెర్లిన్, వియన్నా సంగీత విశ్వవిద్యాలయాల్లో కండక్టింగ్ విభాగాలకు మంచి పేరుంది. పరీక్షలో సాధారణంగా పియానో మీద భిన్న కాలాల కృతులు, స్కోరు చూసి అప్పటికప్పుడు వాయించడం, పాడుతూ వాయించే ఒపేరా దృశ్యం, శ్రవణ పరీక్ష, ఇద్దరు పియానిస్టులను గానీ చిన్న ఆర్కెస్ట్రాను గానీ కండక్ట్ చేయడం ఉంటాయి. తీసుకునేది ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిని. ఒకేసారి మూడు నాలుగు చోట్ల దరఖాస్తు చేయండి.

జర్మనీ ప్రభుత్వ సంస్థల్లో చాలా చోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు. బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో, అంటే స్టుట్‌గార్ట్, మన్‌హైమ్, ఫ్రైబుర్గ్ వంటి చోట్ల, ఐరోపా సమాఖ్య బయటివారికి సెమిస్టరుకు 1,500 యూరోలు. భారత్ నుంచి వెళ్లే విద్యార్థులకు వీసాకు ముందు ఏపీఎస్ సర్టిఫికెట్ (చదువు పత్రాలు సరైనవని ధ్రువీకరించేది) కావాలి, బ్లాక్డ్ అకౌంటులో (నెలకు కొంత మాత్రమే తీయగల ఖాతాలో) ఏడాది ఖర్చు చూపించాలి. 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 యూరోలు. ఏపీఎస్‌కు వారాలు పడుతుంది కాబట్టి ప్రవేశ పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ముందే మొదలుపెట్టండి.

భాష దగ్గర పరీక్ష పాసైతే సరిపోదు. గాయకుడి ఉచ్చారణను దిద్దేది కొరెపెటీటరే. ఇటాలియన్‌లో ద్విత్వాలు తెలుగువారికి అలవోకగా వస్తాయి. ‘నొత్తె’, ‘తుత్తో’ పలకడానికి ‘అత్త’ అన్న నోరే చాలు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి కష్టపడేది దానికే. జర్మన్‌లో పెదవులు గుండ్రంగా చుట్టి పలికే అచ్చులు, ఫ్రెంచ్‌లో ముక్కుతో పలికేవి మాత్రం ఒక ఉచ్చారణ గురువు దగ్గర కూర్చుని నేర్చుకోవాలి.

హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ స్థిరమైన వృత్తి సింఫనీ ఆర్కెస్ట్రా లేదు. దేశంలో చూడదగ్గది ముంబై కళాకేంద్రం ఎన్‌సీపీఏలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా. వాళ్ల కచేరీలకు స్కోరు పట్టుకుని వెళ్లండి. చేతికి పని చెప్పడానికి నాలుగు గొంతుల చర్చి కోయిర్ దొరికితే వదులుకోవద్దు. ఊపిరి ఎక్కడ ఇవ్వాలో కోయిర్ నేర్పినంత త్వరగా అద్దం నేర్పదు.

థియేటర్లో చేరాక

మొదటి అవకాశం తెర వెనుక వస్తుంది. వేదిక వెనుక పాడే కోరస్‌కూ, మోగే ట్రంపెట్‌కూ తాళం చూపించాలి. పిట్‌లోని కండక్టర్ మీకు టీవీ మానిటర్‌లో కనిపిస్తాడు. దాన్ని చూసి సరిగ్గా అతనితోపాటే చెయ్యి దింపితే మీ కోరస్ ఆలస్యంగా వినిపిస్తుంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది; 25 మీటర్ల దూరానికి 73 మిల్లీసెకన్లు. నిమిషానికి 120 బీట్ల వేగంలో ఒక సిక్స్‌టీన్త్ నోటు 125 మిల్లీసెకన్లే. అంటే అందులో సగానికి మించి వెనకబడిపోతారు. కాబట్టి మానిటర్ కంటే ఒక వెంట్రుకవాసి ముందు కొట్టాలి. ఎంత ముందు అన్నది హాలులో కూర్చున్న సహోద్యోగి విని చెప్పాలి. మీరున్న చోటి నుంచి అది తెలియదు.

తర్వాత వచ్చేది ‘నాఖ్‌దిరిగాట్’. వేరే కండక్టర్ తయారుచేసిన ఒపేరాను ప్రీమియర్ తర్వాత కొన్ని ప్రదర్శనలకు మీరు అందుకోవడం. తరచూ ఆర్కెస్ట్రాతో ఒక్క రిహార్సల్ కూడా ఉండదు. ఇక్కడ మీ సొంత వ్యాఖ్యానానికి చోటు లేదు. ముందు కండక్టర్ వేగాలు, కత్తిరింపులు, గాయకులు ఎక్కడ నిలబడి పాడతారో అన్నీ స్కోరులో పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి. రిహార్సల్స్‌లో మీరు పియానో వాయించి ఉంటే సగం పని ముందే అయిపోయినట్టే. జొహాన్ స్ట్రాస్ ‘ఫ్లెడర్‌మౌస్’ ఇలా చేతికొస్తే తేలికైన ఒపెరెట్టా (సరదా ఒపేరా) అని సంబరపడకండి. వేగం ప్రతి మలుపులో సాగుతుంది, కుదించుకుంటుంది. చెయ్యి తెలిసినవాళ్లెవరో అందులో ఇట్టే బయటపడుతుంది. ఆడిషన్లకు దాన్ని పెట్టేదీ అందుకే.

ఆర్కెస్ట్రా ముందు 20 నిమిషాలు

కాపెల్‌మైస్టర్ పోస్టుకు పోటీపడేవారికి ఆర్కెస్ట్రాతో 20 నుంచి 30 నిమిషాలు ఇస్తారు. దీన్ని ఇలా వాడండి. ఒక క్లుప్తమైన పలకరింపు, ఒక్క వాక్యం. మొదటి 4 నిమిషాలు ఆపకుండా వాయించనివ్వండి. వాళ్లు మీ చేతికి, మీరు వాళ్ల ధ్వనికి అలవాటుపడతారు. ఆ తర్వాత మూడు చోట్ల మాత్రమే ఆపండి. ఆపిన ప్రతిసారీ చెప్పే వరస: ఎక్కడ, ఎవరు, ఏమిటి. ‘బార్ 42, సెకండ్ వయొలిన్లు, ఇంకా పొట్టిగా’. ముందు విషయం చెప్పి చివర బార్ నంబర్ చెబితే వాళ్లు వెతుక్కునేలోపు మీ మాట మర్చిపోతారు. దిద్దాక అదే చోటు మళ్లీ వాయించి తీరాలి, మారిందని వినాలి. చివరి 5 నిమిషాలు మళ్లీ ఆపకుండా. గడియారం చెప్పిన క్షణానికి ఆపేయండి. అదనంగా రెండు నిమిషాలు తీసుకున్నవారికి ఆర్కెస్ట్రా ఓటు వేయదు.

చెయ్యి విషయంలో అందరూ చేసే పొరపాటు ఒకటే. కూచిపూడిలో నట్టువాంగం పట్టేవారి తాళం దెబ్బతోపాటే వినబడి నర్తకి పాదాన్ని నడిపిస్తుంది. కండక్టర్ చెయ్యికి శబ్దం లేదు. అందుకని వేగం, గట్టిదనం, నోటు పొడవు మూడూ దెబ్బకు ముందు పైకెత్తే ఆ ఒక్క కదలికలోనే ఉండాలి. చెయ్యి ఎత్తే వేగం ఒకటి, దించే వేగం ఇంకొకటి అయితే మొదటి నోటు చిరిగిపోతుంది. ఆర్కెస్ట్రా దాన్ని మీ తప్పుగానే లెక్కవేస్తుంది, న్యాయమే కూడా. రెసిటటీవ్‌లో (మాటల్లా పాడే భాగంలో) గాయకుడు ఒంటరిగా పాడే బార్లకు చిన్న డౌన్‌బీట్ (కిందికి దించే మొదటి దెబ్బ) మాత్రం చూపించండి. పెద్దగా ఊపితే ఎవరో ఒకరు వాయించేస్తారు.

సింఫనీ దారి

పియానో దారి మూసుకున్నవారికి పోటీలున్నాయి. కోపెన్‌హాగన్ మాల్కో, ఫ్రాన్స్‌లో బెజాన్సన్, జర్మనీలో బాంబెర్గ్ మాలర్ పోటీ, లండన్‌లో డొనటెల్లా ఫ్లిక్. ఈ చివరిదాంట్లో గెలిచినవారికి లండన్ సింఫనీలో అసిస్టెంట్ కండక్టర్ పని దొరుకుతుంది. ముంబైలో పుట్టిన జుబిన్ మెహతా 1954లో వియన్నా వెళ్లి హాన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర చదివి, 1958లో లివర్‌పూల్ పోటీ గెలిచి ఈ దారినే వచ్చారు. 2004లో బాంబెర్గ్ గెలిచిన గుస్తావొ దుదామెల్ 2009కల్లా లాస్ ఏంజెలెస్ ఫిల్‌హార్మోనిక్ చేపట్టారు. వీళ్లని చూసి లెక్క వేసుకోవద్దు. గెలిచి కనుమరుగైనవారే ఎక్కువ.

అసిస్టెంట్ పని అంటే ప్రతి రిహార్సల్‌లో హాలు మధ్య స్కోరుతో కూర్చుని, బ్రాస్ (ఇత్తడి వాయిద్యాలు) మిగతా ధ్వనిని ఎక్కడ మింగేస్తోందో చెప్పడం, పిల్లల కచేరీలు చేయడం, ప్రధాన కండక్టర్ జ్వరపడితే నిలబడడం. 1943 నవంబర్ 14న బ్రూనో వాల్టర్ ఒంట్లో బాగోక, న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ అసిస్టెంట్ లెనార్డ్ బెర్న్‌స్టైన్ రిహార్సల్ లేకుండా ఎక్కింది ఇలాగే. కాబట్టి ఆ వారం కార్యక్రమంలోని ప్రతి కృతీ కండక్ట్ చేయగల స్థాయిలో ఉండాలి, కేవలం తెలిసి ఉండటం కాదు.

కాంట్రాక్టు దగ్గర జాగ్రత్త

జర్మన్ థియేటర్లలో కొరెపెటీటర్లు, కాపెల్‌మైస్టర్లు సాధారణంగా థియేటర్ కళాకారుల సామూహిక ఒప్పందం ‘ఎన్‌వీ బ్యూనె’ కింద ఒక్కో సీజన్‌కు నియమితులవుతారు. పొడిగించేది లేదని థియేటర్ సాధారణంగా అక్టోబర్ 31లోపు చెప్పాలి. చెప్పకపోతే ఇంకో సీజన్ ఖాయం. కొత్త జీఎండీగానీ కొత్త ఇంటెండెంట్ (థియేటర్ అధిపతి) గానీ వస్తున్నాడని తెలిస్తే మాత్రం తేదీ కోసం ఆగకండి. కొత్తవారు తమ మనుషుల్ని తెచ్చుకోవడం అక్కడ మామూలే. ప్రభుత్వం నడిపే కళాకారుల ఉద్యోగ విభాగం జెడ్‌ఏవీ దగ్గర పేరు నమోదు చేసుకుని, సెప్టెంబర్ నుంచే వేరే ఊళ్లలో ఆడిషన్లకు వెళ్లండి. ప్రైవేటు ఏజెంటు కోసం ఈ దశలో పరిగెత్తనక్కర్లేదు. సొంతంగా కండక్ట్ చేసిన ప్రదర్శనల వీడియోలు, మీ ముఖం వైపు పెట్టిన కెమెరాతో తీసినవి, రెండు మూడు చేతిలో ఉన్నప్పుడు వెళితేనే వాళ్లు తలెత్తి చూస్తారు. వీపు మాత్రమే కనిపించే వీడియో ఎంత బాగా వినిపించినా ఎవరికీ పనికిరాదు.