వెనక యాక్సిల్ గేర్ రేషియో మార్చే ముందు జాగ్రత్తలు

పాత రేషియోను ముందు ఖాయం చేసుకోండి. క్రౌన్ వీల్ (యాక్సిల్‌లోని పెద్ద గేర్) పళ్ల సంఖ్యను పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేర్) పళ్లతో భాగించాలి: 41కి 11 అయితే 3.73. ఫోర్ వీల్ డ్రైవ్ బండైతే ముందు యాక్సిల్‌కీ అదే రేషియో పెట్టాలి.

• క్రౌన్, పినియన్ ఒకే జతగా కొనండి. కొన్ని యాక్సిళ్లలో కొత్త రేషియోకి క్యారియర్ (క్రౌన్ వీల్‌ని బిగించే గూడు) కూడా మారుతుంది.

• కొత్త బేరింగులు, సీలు, క్రౌన్ బోల్టులు, క్రష్ స్లీవ్‌లు (పినియన్ బేరింగుల మధ్య ఉండే, బిగిస్తే నలిగే గొట్టాలు) రెండు కొనండి. పినియన్ నట్ ఎక్కువ బిగిస్తే స్లీవ్ మరీ నలిగిపోతుంది; వదులు చేసి సరిపెట్టకండి, బేరింగుకి ప్రీలోడ్ (ఉండాల్సిన బిగువు) ఉండదు. అందుకే రెండోది.

• డయల్ ఇండికేటర్ (చిన్న కదలికను కొలిచే పరికరం), తక్కువ టార్క్ కొలిచే రెంచ్, గేర్ మార్కింగ్ పేస్ట్ (పళ్లు ఎక్కడ తగులుతున్నాయో అచ్చు చూపే రంగు) లేకుండా పని మొదలుపెట్టకండి.

• బండిని జాకీ మీద వదలకండి, స్టాండ్లు వేయండి. ముందు చక్రాలకు అడ్డు పెట్టండి.

• బేరింగ్ క్యాపులకు కుడి ఎడమ గుర్తు పెట్టండి. తారుమారైతే బేరింగ్ సరిగా కూర్చోదు. పాత షిమ్‌లు (గేర్ల దూరం సరిచేసే పల్చటి రేకులు) మందం కొలిచి దాచండి, కొత్త లెక్క అక్కడే మొదలవుతుంది.

బ్యాక్‌లాష్ (రెండు గేర్ల పళ్ల మధ్య ఉండే సందు) చాలా బండ్లలో 0.15–0.25 మి.మీ.; మీ మాన్యువల్ అంకెదే తుదిమాట. అది సరిగ్గా వచ్చినా పేస్ట్ అచ్చు చూడాల్సిందే. అచ్చు పంటి కొనకి పడితే పినియన్ క్రౌన్‌కి దూరంగా ఉన్నట్టు, పంటి మొదట్లో పడితే మరీ దగ్గరగా ఉన్నట్టు. ఇక్కడ తొందరపడితే యాక్సిల్ కూత పెడుతుంది.

మొదటి 25 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి చల్లారనివ్వండి. 800 కి.మీ.కి యాక్సిల్ ఆయిల్ మార్చండి, స్పీడోమీటర్ సరిచేయించండి.