తెర చీకటైతే ప్యానెలు కొనకండి, ముందు ఫ్యూజు చూడండి

ల్యాప్‌టాప్ ఆన్ అవుతుంది, ఫ్యాను తిరుగుతుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. అంతే, "డిస్‌ప్లే పోయింది" అని తేల్చేసి కొత్త ప్యానెలు తెప్పించేస్తారు. అమలాపురం నుంచి నరసాపురం దాకా ఇదే వరస. ముందు గదిలో లైట్లు ఆపండి. సెల్‌ఫోన్ టార్చి తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టి, పక్కవాటంగా చూడండి. ఐకాన్లు, మౌసు బాణం లీలగా కనబడ్డాయా? అయితే బొమ్మ వస్తోంది, దాని వెనక వెలగాల్సిన ఎల్‌ఈడీలే, అంటే బ్యాక్‌లైటే, వెలగడం లేదు. పైసా ఖర్చులేని ఈ పరీక్ష చేయకుండా వేలకు వేలు పోసేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

టార్చిలోనూ ఏమీ కనబడకపోతే అది వేరే జబ్బు. హెచ్‌డీఎంఐతో టీవీకి కలపండి. అక్కడా రాకపోతే ర్యాము, బోర్డు వైపు వెళ్లాలి. టీవీలో వస్తే ల్యాప్‌టాప్ లోపలి తెర కేబులో ప్యానెలో చూసుకోవాలి. ఓఎల్‌ఈడీ తెరలకు బ్యాక్‌లైటే ఉండదు కాబట్టి ఈ పద్ధతి వాటికి పనికిరాదు.

మూత కదిపినప్పుడు వెలుగు వచ్చి పోతుంటే హింజి (మూత మడత బందు) దగ్గర తెర కేబులు నలిగినట్టే. కేబులు మార్చండి, పని అయిపోతుంది.

మూత ఎలా కదిపినా వెలుగు రాలేదంటే అసలు దొంగ చాలాసార్లు ఫ్యూజు. బోర్డు మీద తెర కేబులు సాకెట్ పక్కన నువ్వుగింజంత ఉంటుంది. దాని పేరు చాలా బోర్డుల మీద 'ఎఫ్' అక్షరంతో మొదలవుతుంది. బ్యాక్‌లైటుకు వెళ్లే కరెంటు, మోడలును బట్టి 19 వోల్టులో అంతకన్నా తక్కువో, దీని గుండానే పోతుంది. అడాప్టరు పెట్టి ఆన్ చేసి, మల్టీమీటరు నల్ల ముల్లు గ్రౌండుకు (బోర్డు స్క్రూ రంధ్రం చుట్టూ ఉండే లోహానికి) పెట్టి, ఎర్ర ముల్లుతో ఫ్యూజు రెండు కొసలూ చూడండి. ఒక కొసన ఆ వోల్టేజి, రెండో కొసన సున్నా వస్తే ఫ్యూజు పోయింది. ముల్లు జారి పక్క పిన్నుకు తగిలితే బోర్డే పోతుంది, చెయ్యి నిలకడగా ఉండాలి.

చాలామంది ఇక్కడే ఆగిపోయి కొత్త ఫ్యూజు వేసేస్తారు. ఫ్యూజు సాధారణంగా ఊరికే పోదు, దాన్ని కాల్చింది ఎవరో పట్టుకోవాలి. అడాప్టరు తీసి, బ్యాటరీ కనెక్టరు ఊడదీసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి. అప్పుడు ఫ్యూజు చచ్చిన కొస నుంచి గ్రౌండుకు ఓమ్‌లు (రెసిస్టెన్సు) కొలవండి. దాదాపు సున్నా వస్తే షార్టు ఉన్నట్టు. బోర్డు వైపు కేబులు ఊడదీసి మళ్లీ కొలవండి. షార్టు ఇంకా ఉంటే తప్పు బోర్డుదే. పోతే కేబులో ప్యానెలో. కేబులు తిరిగి పెట్టి ప్యానెలు వైపు ఊడదీయండి: షార్టు మళ్లీ కనబడితే కేబులు, కనబడకపోతే ప్యానెలు.

మన గోదావరి డెల్టాలో మాత్రం ఎక్కువసార్లు దొరికేది చిలుము. రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో మేత లెక్కల కోసం పెట్టిన ల్యాప్‌టాప్ రాత్రంతా ఉప్పు చెమ్మ పీలుస్తుంది. భూతద్దంతో సాకెట్‌లోకి చూడండి. ప్యానెలు వైపు ఉండే 30 పిన్నుల సాకెట్లలో మామూలుగా 18 నుంచి 21 దాకా బ్యాక్‌లైటు గ్రౌండు, 26 నుంచి 29 దాకా దాని కరెంటు. మిగతావి మెరుస్తున్నా, ఎక్కువ వోల్టేజి ఉన్న ఆ నాలుగు కరెంటు పిన్నుల మొదళ్లలోనే ఆకుపచ్చగా పొడి కట్టి ఉంటుంది. ఉప్పుతడి మీద కరెంటు పడితే రాగిని త్వరగా తినేస్తుంది. బియ్యంలో పెడితే తడి ఆరొచ్చేమో, ఉప్పు మాత్రం అక్కడే ఉంటుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, మెత్తటి బ్రష్షుతో సాకెటూ కేబులు కొసా రెండూ రుద్ది, పూర్తిగా ఆరనివ్వండి. థిన్నరు వాడకండి, ప్లాస్టిక్కు కరుగుతుంది. పిన్ను నల్లబడి సన్నగిల్లితే సాకెటు మార్చాల్సిందే.

ఫ్యూజు కాలడానికి ఇంకో పెద్ద కారణం బ్యాటరీ తీయకుండా తెర కేబులు పీకి పెట్టడం. కనెక్టరు కాస్త వంకరగా దిగినా బ్యాక్‌లైటు కరెంటు గ్రౌండుకు తగలొచ్చు. బాగున్న ప్యానెలు మార్చబోయి ఫ్యూజు కాల్చేసి, "కొత్తదీ పనిచేయట్లేదు" అని వెనక్కి పంపేది ఇలాంటి చోటే.

షార్టు పోయిందని మీటరు చెప్పాకే, అదే రేటింగు ఫ్యూజు వేయండి. అదే మోడలు స్క్రాపు బోర్డులో దొరుకుతుంది. వైరు ముక్కతో కలిపేయడం మాత్రం వద్దు. మళ్లీ షార్టయితే ఈసారి కాలేది బోర్డు మీద రాగి గీత. ఫ్యూజు వేశాక స్క్రూలు బిగించకుండానే పూర్తి వెలుగులో గంటసేపు నడపండి, మధ్యమధ్యలో మూత తెరిచి మూయండి.

మిగతావి అరుదు. మూత అయస్కాంతం సెన్సారు ఇరుక్కోవడం, ప్యానెల్లో ఎల్‌ఈడీ పట్టీ పోవడం ఎప్పుడో గానీ తగలవు. బాగా పాత మోడళ్లలో ఎల్‌ఈడీలకు బదులు సన్నటి ట్యూబు, దాన్ని వెలిగించే ఇన్వర్టరు అనే చిన్న బోర్డు ఉంటాయి. ఆ ఇన్వర్టరులో వందల వోల్టులు ఉంటాయి, ఆన్‌లో ఉండగా వేలు పెట్టకండి.