టీకా వద్దనే ఇంటితో మాట్లాడటం – 3వ పాఠం: "పోయినసారి జ్వరమొచ్చిందండి"

పోయిన పాఠంలో టీకా విషయం ఇంట్లో ఎవరి మాట మీద నడుస్తుందో కనిపెట్టడం చూశాం. కోనసీమ లంకల్లో అయితే ఆ మనిషి ఒక్కోసారి ఊళ్లోనే ఉండడు, కువైట్‌లో ఉండి వీడియో కాల్‌లో "నేనొచ్చాక చూద్దాంలే" అంటాడు. లేదంటే అమ్మమ్మ. కానుపు పుట్టింట్లోనే కాబట్టి మొదటి నెలల సూదులన్నీ ఆవిడ కళ్లముందే పడతాయి, రాత్రి పిల్లని ఎత్తుకుని తిరిగేదీ ఆవిడే. ఈ పాఠం ఆశా వర్కర్లుగా మనం ఆవిడతో మాట్లాడటం గురించి.

పుట్టగానే వేసే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి ఆసుపత్రిలోనే అయిపోతాయి కాబట్టి గొడవ ఉండదు. అసలు చిక్కు నెలన్నరకి, అంటే ఆరు వారాలకి వేసే పెంటావాలెంట్‌తో మొదలవుతుంది. తొడకి వేసే ఈ ఒక్క సూదిలో కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ అనే బ్యాక్టీరియా, ఈ ఐదింటికీ మందు ఉంటుంది. కోరింత దగ్గు భాగంలో చంపిన బ్యాక్టీరియాని మొత్తంగా వాడతారు, జ్వరం ఎక్కువగా దానివల్లే. 10 వారాలకి, 14 వారాలకి మళ్లీ ఇదే సూది. మొదటిదానికి రాత్రంతా జాగారం చేసిన ఇల్లు రెండోదానికి తలుపు వేసుకుంటే ఆశ్చర్యమేముంది!

ఆవిడ అనే మాట దాదాపు ఇలా ఉంటుంది:

"మళ్లీ సూదా? వద్దమ్మా. పోయినసారి పిల్ల ఒళ్లు కాలిపోయింది, కాలు కదిపితే ఒట్టు."

మన నోట్లోంచి ఠక్కున వచ్చేది: "అబ్బే, ఏమీ కాదు పిన్నిగారూ. వేయించకపోతే రేపు ప్రాణం మీదకొస్తుంది, మీ ఇష్టం."

ఇందులో ఓదార్పు అబద్ధం, తర్వాతిది బెదిరింపు. జ్వరం కళ్లారా చూసిన మనిషికి "ఏమీ కాదు" అని చెప్తే, ఆ తర్వాత మీరు చెప్పే నిజాలు కూడా ఆవిడ చెవికెక్కవు. పైగా బెదిరిస్తే మీ ముందు తల ఊపి, టీకాలు వేసే బుధవారం నాడు పిల్లని తీసుకుని పక్కూరు వెళ్లిపోతారు.

దానికి బదులు అడగండి.

"అయ్యో, ఎప్పుడు మొదలైంది పిన్నిగారూ, ఆ సాయంత్రమేనా? ఎన్నాళ్లుంది? మందేం పట్టారు? కాలు ఎప్పటికి కదిపింది?"

ఇది మర్యాద కోసం అడిగేది మాత్రమే కాదు. ఒకటి రెండు రోజుల జ్వరం, సూది వేసిన చోట వాపు, బిళ్ల కట్టడం, చిరాకు మామూలే. కానీ ఫిట్స్ వచ్చిందనో, మూడు గంటలు దాటి ఆపకుండా ఏడ్చిందనో, మొహం వాచి ఊపిరి ఆడలేదనో చెప్తే అక్కడితో ఆగండి, తర్వాతి డోసు సంగతి డాక్టరు తేల్చాలి, మీరు కాదు. అందుకే ఆవిడ చెప్తుంటే మధ్యలో అడ్డుపడకూడదు, ఆ ముక్క చివర్లో రావచ్చు.

మామూలు జ్వరమే అని తేలాక: "నేనో మాట చెప్పనా పిన్నిగారూ? ఈసారీ జ్వరం రావచ్చు, రాకపోవచ్చు. వస్తే ఏం చెయ్యాలో ముందే చెప్పి వెళ్తాను." జ్వరం రావచ్చని మీ నోటితో మీరే చెప్పడం, నన్నడిగితే, ఈ పాఠం మొత్తంలో అన్నిటికంటే పనికొచ్చే ముక్క. ముందే చెప్పిన జ్వరం వస్తే "ఆ అమ్మాయి చెప్పింది కదా" అనుకుంటారు, చెప్పనిది వస్తే టీకా వికటించింది అంటారు.

ఇక మందు. పారాసిటమాల్ డోసు పిల్ల బరువుని బట్టి ఉంటుంది, ఏఎన్ఎం (ఊళ్లో టీకాలు వేసే నర్సమ్మ) గాని డాక్టరు గాని చెప్పినంతే పట్టాలి. ఇంట్లో ఉన్న సీసా తెప్పించి చేత్తో పట్టుకుని లేబుల్ చదవండి: చిన్న సీసాలో వచ్చే డ్రాప్స్ చిక్కగా ఉంటాయి, సిరప్ పలచన, ఒకదాని కొలత ఇంకోదానికి వాడితే ప్రమాదం. సూది వేసిన చోట రుద్దొద్దు, నూనె, పసుపు పెట్టొద్దు. వేయించాక అరగంట అక్కడే కూర్చోమని కూడా చెప్పండి.

మన వైపు ఒక ఎత్తిపొడుపు బాగా వాడుకలో ఉంది: "పందెం కోడికి కొక్కెర తెగులు రాకుండా టీకా వేయిస్తారు గానీ మనవరాలికి వద్దా?" వినడానికి బాగుంటుంది, నలుగురూ నవ్వుతారు కూడా. కానీ అనకండి, ఆ ఇంటాయన మళ్లీ మీ మొహం చూడడు.

ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది: "నెల దాటిపోయింది, ఇప్పుడు మళ్లీ మొదటి నుంచా?" అక్కర్లేదు. ఆగిన చోటి నుంచే.

ఈ వారం అభ్యాసం: తోటి ఆశా వర్కరునో అంగన్‌వాడీ టీచరునో అమ్మమ్మగా కూర్చోబెట్టి ఐదు నిమిషాలు మాట్లాడి ఫోన్లో రికార్డు చెయ్యండి. వింటూ రెండే చూడండి: ఎన్ని ప్రశ్నలు అడిగాక మీరు చెప్పడం మొదలుపెట్టారు, "ఏమీ కాదు" ఎన్నిసార్లు దొర్లింది. నిజం ఇంట్లో మాత్రం రికార్డు చెయ్యొద్దు.

వచ్చే పాఠం కువైట్ నాన్నతో. టీకా కార్డు ఫొటో తీసి ఫోన్లో ఉంచుకోండి, అక్కడి టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక కాబట్టి ఆయన డ్యూటీ దిగే వేళ ఇంట్లోవాళ్లని ముందే అడిగి రాసి పెట్టుకోండి.